అటక మీది పానాల పెట్టె: తూకానికి వేసే ముందు విప్పి చూడండి

పాత కార్బొరేటర్ పనిముట్లలో ఏది ఉత్త ఇనుము, ఏది విలువైన సొత్తు? గుర్తు పట్టే తీరు, వెల కట్టే తీరు

వరి పొట్ట దశకు వచ్చింది. దుబ్బుల మొదట్లో దోమ కనబడింది. తెల్లవారగానే మందు కలుపుకొని తైవాన్ పంపు భుజానికెత్తారు. తాడు పదిసార్లు లాగినా ఇంజను అందుకోదు. అందుకున్నా రెండు సాళ్లు తిరిగేసరికి ఆగిపోతుంది. మెకానిక్ దగ్గరికి మోసుకుపోతే కార్బొరేటర్ విప్పి చూసి, "జెట్టు పట్టేసింది, దీనికి సరైన పానా లేదు, రెండు రోజులాగి రండి" అంటాడు. దోమ రెండు రోజులు ఆగుతుందా? ఆగదు.

ఆ పానా ఎక్కడో లేదు. చాలా ఊళ్లలో అటకల మీద, బావి దగ్గరి మోటరు గదిలో, ఎన్నడో మూతబడ్డ రిపేరు షాపు మూలల్లో జంగు పట్టి పడి ఉంది. పాత ఇనుప సామాను బండి వచ్చినప్పుడు కిలోల లెక్కన పోతున్నది కూడా అదే.

మా ఇంట్లోనే జరిగిన సంగతి చెబుతాను. పెట్రోలుతో మొదలై గాసునూనెతో నడిచే ఇంజను ఒకటి మాకు ఉండేది. బావికి కరెంటు మోటరు వచ్చాక దాన్ని మూలకు పెట్టాం. కొన్నేళ్లకు ఇంజనుతో పాటు దాని రేకు పెట్టెను కూడా బండికి తూకం వేసి ఇచ్చేశాం. ఆ పెట్టెలో పెన్ను మూతంత ఇత్తడి డబ్బీ, అందులో సూదుల్లాంటి డ్రిల్లు బిట్లు ఉండేవి. మరుసటి ఏడు మా మందు పంపు జెట్టు పట్టేస్తే, ఒకచోట ఇనుప తీగతో పొడిచి ఇచ్చారు. అప్పటి నుంచి పంపు నల్లటి పొగ, రెట్టింపు పెట్రోలు. రంధ్రం ఎంత పెరిగిందో కొలవాలంటే ఏం కావాలో తెలుసా? ఆ సూదుల్లాంటి బిట్లే. అప్పుడు తెలిసింది వాటి విలువ. మీ ఇంట్లో అట్లా జరగొద్దనే ఈ వ్యాసం.

కాలం చెల్లిన సామానేనా?

కొత్త బండ్ల సంగతి చూస్తే కార్బొరేటర్ పని అయిపోయినట్టే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజ్-6 నిబంధనలు వచ్చాయి. దాంతో చాలా మోటారు సైకిళ్లు, స్కూటర్లలో కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. కార్లు అంతకు ఎంతో ముందే మారిపోయాయి. కొత్త కుర్ర మెకానిక్కులు కంప్యూటర్ తగిలించి తప్పు వెతుకుతున్నారు. జెట్టు నంబరు చదవడం నేర్చుకునే అవసరం వాళ్లకు తగ్గింది.

కాని రైతు ఇంట్లో కార్బొరేటర్ ఇంకా బతికే ఉంది. తైవాన్ పంపుకు ఉంది. గడ్డి కోసే బ్రష్ కట్టరుకు, మామిడి తోటలో కొమ్మలు కోసే చైన్ సాకు ఉంది. 2020కి ముందు కొన్న మోటారు సైకిళ్లు ఊరూరా తిరుగుతున్నాయి, వాటిలో చాలావాటికి అదే ఉంది. 1985 నుంచి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100ను వెతికి పట్టుకొని బాగు చేయించుకునే కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. పాత బుల్లెట్లు, యెజ్డీలు, అంబాసిడర్లు, పెట్రోలు జీపుల సంగతీ అంతే.

ఇంకో మాట. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పాత రకం రబ్బరు భాగాలను పాడు చేస్తుంది. సీజను అయిపోయాక ట్యాంకులో, కార్బొరేటర్లో పెట్రోలు వదిలేస్తే మరుసటి సీజనుకు లోపల జిగురులా పట్టేస్తుంది. అంటే విప్పి కడిగే పని తగ్గలేదు, పెరిగింది. ఆ పనిముట్ల తయారీ మాత్రం తగ్గుతూ వస్తున్నది. పని ఉండి పనిముట్టు దొరకనప్పుడు పాతదానికి విలువ వస్తుంది. అంతే మరి.

ముందు మూడు కుప్పలు చేయండి

పాత పెట్టె విప్పగానే అన్నీ కలగలిసి ఉంటాయి. కింద పాత గోనెసంచి పరిచి, మూడు కుప్పలుగా వేరు చేయండి.

మొదటిది డీజిలు సామాను. మన బావుల దగ్గర ఎక్కువగా నడిచిన కిర్లోస్కర్ వంటి ఆయిల్ ఇంజన్లు డీజిలువి. వాటికి కార్బొరేటర్ ఉండదు, ఫ్యూయల్ పంపు, నాజిల్ ఉంటాయి. నాజిల్ శుభ్రం చేసే కిట్టులో సన్నని తీగలు, వాటిని పట్టుకునే చిన్న చక్కు, ఇత్తడి బ్రష్షు ఉంటాయి. చూడటానికి జెట్టు సామానులాగే ఉంటుంది కాని అది వేరు. దాన్ని డీజిలు పంపు పని చేసేవారికే చూపించాలి.

రెండోది మగ్గం సామాను. సిరిసిల్ల వైపు ఇళ్లలో మరమగ్గాల ఫిట్టర్ల పెట్టెలు ఉంటాయి. అచ్చులో పోగు తీసే సన్నని కొక్కెం, బట్టలో పోగులు లెక్కపెట్టే మడత భూతద్దం కనబడితే అవి మగ్గానివే. ఆ భూతద్దాన్ని మాత్రం పక్కన పెట్టుకోండి. జెట్టు మీద గీసిన నంబరు చదవడానికి దానికంటే మంచిది దొరకదు. చాలా పాత మగ్గాలకు అంగుళాల కొలత బోల్టులు ఉంటాయి కాబట్టి, ఆ పెట్టెలోని పానాలు పాత బుల్లెట్‌కూ పనికి రావచ్చు.

మూడోది కార్బొరేటర్ సామాను. జగిత్యాల, కోరుట్ల మీదుగా పోయే నిజామాబాద్ రోడ్డు ఇప్పుడు 63వ నంబరు జాతీయ రహదారి. ఇట్లాంటి పెద్ద రోడ్ల పక్కన పాత కార్లు, జీపులు బాగుచేసిన షాపులుంటాయి. అట్లాంటి చోట పనిచేసినవారి పెట్టెల్లో పెద్ద బండ్ల పనిముట్లు దొరకవచ్చు. పసుపు, మామిడి రైతుల ఇళ్లలో ఎక్కువగా మందు పంపులవి, గాసునూనె ఇంజన్లవి ఉంటాయి.

ఇప్పుడు ఈ మూడో కుప్పలో ఏముందో చూద్దాం.

జెట్ కీ

పొడుగాటి సన్నని కడ్డీ, పైన 'టి' ఆకారపు పిడి, కింద చిన్న బోలు మూతి లేదా పేచ్‌కస్ మొన. కొన్నింటికి జెట్టు జారి పడకుండా పట్టుకునే చిన్న గోరు ఉంటుంది. మామూలు పేచ్‌కస్‌కూ దీనికీ తేడా మొనలో ఉంది. మామూలుదాని మొన కిందికి పోను పోను వాలుగా పలుచనవుతుంది. జెట్ కీ మొన రెండు వైపులా సమానంగా, జెట్టు గాడిలో నిండుగా కూర్చునేలా ఉంటుంది. జెట్టు ఇత్తడిది, మెత్తనిది. వాలు మొనతో తిప్పితే గాడి చిట్లిపోతుంది. ఆ తర్వాత కార్బొరేటర్ మొత్తం మార్చుకోవలసి వస్తుంది.

కీ మంచిదో కాదో చూడాలంటే మొనను వెలుతురుకు అడ్డంగా పట్టండి. మూలలు గుండ్రంగా అరిగినా, ఎవరైనా సానరాయి మీద పట్టినా విలువ సగం పోయినట్టే.

నంబరు బిట్లు, చేతి చక్కు

మన మాటల్లో చెప్పాలంటే ఇవే "సూది డ్రిల్లులు". సాధారణంగా 61 నుంచి 80 నంబరు దాకా 20 బిట్లు ఒక గుండ్రని డబ్బీలో ఉంటాయి. నంబరు పెరిగిన కొద్దీ బిట్టు సన్నబడుతుంది. 61 నంబరు బిట్టు దాదాపు 1 మిల్లీమీటరు మందం, 80 నంబరుది సుమారు 0.34 మిల్లీమీటర్లే. వీటిని పట్టుకునే పెన్నులాంటి చేతి చక్కు వేరే ఉంటుంది.

ఇవి జెట్టులో తిప్పడానికి కాదు, కొలవడానికి. మొద్దు వైపు నుంచి మెల్లగా దూర్చి చూస్తే ఏ నంబరు పడుతుందో, ఏది పట్టదో తెలుస్తుంది. దాన్నిబట్టి రంధ్రం ఎంతుందో చెప్పవచ్చు.

ఈ కొలత ఎందుకంత ముఖ్యం? లెక్క చూడండి. 1.00 మిల్లీమీటరు రంధ్రం 1.05 అయిందనుకోండి. కంటికి తేడా కనబడదు. కాని రంధ్రం వైశాల్యం సుమారు 10 శాతం పెరుగుతుంది. దాని నుంచి పోయే పెట్రోలూ దాదాపు ఆ లెక్కనే పెరుగుతుంది. తీగతో ఒక్క పోటు పొడిచినందుకు బండి నడిచినంత కాలం ఆ ఖర్చు మోయాలి.

ఇక జెట్టు మీది నంబరు సంగతి. స్పాకో, సోలెక్స్ రకాల్లో 100 అని ఉంటే రంధ్రం మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన 100, అంటే 1.00 మి.మీ. పాత బుల్లెట్‌లోని అమాల్ జెట్టు మీది నంబరు మాత్రం నిమిషానికి ఎన్ని ఘన సెంటీమీటర్ల ద్రవం పోతుందో చెబుతుంది. రెండూ 100 అయినా రెండూ ఒకటి కాదు. పాత పెట్టెలో కొత్త జెట్టులు పొట్లాలతో దొరికితే పొట్లం పారేయకండి. ఏ బండిదో చెప్పేది ఆ పొట్లమే.

ఫ్లోట్ గేజి

కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఎంత ఎత్తున నిలవాలో చూసేది ఇది. మెట్లు మెట్లుగా కోసిన రేకులాగో, గుండ్రని చిన్న కడ్డీలాగో, జరిపే కొలబద్దలాగో ఉంటుంది. అంబాసిడర్లలో వాడిన ఎస్‌యు కార్బొరేటర్‌కు గుండ్రని కడ్డీతోనే చూసేవారు. అందులో హెచ్‌ఎస్ రకానికి కడ్డీ మందం అంగుళంలో 1/8 నుంచి 3/16 వంతు దాకా. చూసేవారికి అది విరిగిన మొల ముక్కలాగే కనిపిస్తుంది. పారేసేది ఎక్కువగా దీన్నే.

బ్రష్ కట్టరు, చైన్ సా వంటి వాటిలో గిన్నె ఉండదు, పలుచని పొర ఉంటుంది. దాన్ని డయాఫ్రమ్ రకం అంటారు. లోపలి చిన్న మీట ఎత్తు చూసేందుకు గోరంత రేకు గేజి ఇస్తారు. దాని మీద వాల్‌బ్రో లేదా జామా అని ఉంటే అది ఈ పనిదే. దీనికి జతగా రక్తపోటు చూసే డాక్టరు పరికరంలా రబ్బరు బుడ్డి, గుండ్రని గేజి ఉన్న చిన్న పంపు ఉంటుంది. నీడిలు ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో చూసేది అది. పిల్లలు ఆటవస్తువు చేసుకోకముందే తీసి దాచండి. ఈ రెండూ పాతవైనా ఈరోజుకీ పనికొచ్చేవే.

ఫిల్లర్ గేజి

చాకు మడతల్లా ఒకదాని మీద ఒకటి ఉండే పలుచని ఉక్కు రేకులు. ఇది ప్లగ్గు సందు, వాల్వు సందు చూసేందుకు. కార్బొరేటర్ పని చేసేవారి దగ్గర తప్పక ఉంటుంది. మూర్ అండ్ రైట్, స్టారెట్, మిటుటోయో పేర్లున్నవి మంచి తయారీ. రేకులు వంగినా, అంచులు చినిగినా, మందం అంకెలు చెరిగినా కొలతకు పనికి రాదు. ఒక్క రేకు తక్కువైనా పూర్తి జత అనకూడదు.

వాక్యూమ్ గేజి, గాజు ప్లగ్గు

గుండ్రని ముఖం, 0 నుంచి 30 అంగుళాల దాకా గీతలు, కింద రబ్బరు పైపు. ఇది ఇంజను పీల్పును చూపిస్తుంది. కొన్నింటిలో ఇంకోవైపు ఫ్యూయల్ పంపు ఒత్తిడి గీతలు కూడా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కారు ఇంజను నెమ్మదిగా నడుస్తున్నప్పుడు ముల్లు సాధారణంగా 17 నుంచి 21 మధ్య కదలకుండా నిలుస్తుంది. కొనేటప్పుడైనా, అమ్మేటప్పుడైనా మంచి ఇంజను మీద పెట్టి చూపించాలి. ముల్లు తిరిగి సున్నాకు రాకపోతే లోపలి స్ప్రింగు పోయినట్టు. ఒక్క సిలిండరు మోటారు సైకిలు మీద పెడితే ముల్లు ఊగుతూనే ఉంటుంది. అది గేజి తప్పు కాదు.

ఇంగ్లండుకు చెందిన గన్సన్ కంపెనీ 'కలర్‌ట్యూన్' అనే గాజు కన్ను గల స్పార్క్ ప్లగ్గు అమ్మింది. మామూలు ప్లగ్గు తీసి దీన్ని బిగిస్తే సిలిండరు లోపలి మంట కనబడుతుంది. మంట పసుపుగా ఉంటే పెట్రోలు ఎక్కువ, చక్కని నీలంగా ఉంటే సరి. బుల్లెట్ వంటి 14 మిల్లీమీటర్ల ప్లగ్గు ఉన్నవాటికి ఇది సరిపోతుంది. 10 మిల్లీమీటర్ల ప్లగ్గు ఉన్న స్ప్లెండరుకు నేరుగా పట్టదు. గాజులో చీలిక ఉంటే అలంకారానికే తప్ప ఇంజనుకు పెట్టకూడదు.

ఒక హెచ్చరిక. రెండు, నాలుగు కార్బొరేటర్లున్న బండ్లను సరిచూసేందుకు కొన్ని పాత పరికరాల్లో గాజు గొట్టాలు, వాటిలో పాదరసం ఉంటాయి. వెండిలా మెరిసే ద్రవం కనబడితే ఆ పరికరాన్ని వంచకండి, విప్పకండి, ఇంట్లో పెట్టకండి. పాదరసం ఆవిరి విషం.

అచ్చు అక్షరాలే అసలు సాక్ష్యం

పానా ఎప్పటిదో, ఏ బండిదో చెప్పేది దాని మీద కొట్టిన అక్షరాలు. వీటిని చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

'1/4 డబ్ల్యూ' అని ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటే అది విట్‌వర్త్ కొలత. ఇక్కడ చాలామంది పొరబడతారు. 1/4 అంటే పానా నోరు పావు అంగుళం కాదు, బోల్టు మందం పావు అంగుళం. పానా నోరు 0.525 అంగుళాలు, అంటే 13 మిల్లీమీటర్ల పైచిలుకు. 'ఏఎఫ్' అని ఉంటే మాత్రం అంకె పానా నోటి కొలతే. 'బిఏ' అని ఉంటే చిన్న స్క్రూల కొలత. ఎస్‌యు కార్బొరేటర్ చిన్న స్క్రూలకు అది కావాలి. 2 బిఏ పానా నోరు సుమారు 8.2 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల పానా పట్టదు, 9 పానా వేస్తే మూలలు గుండ్రం చేస్తుంది. అందుకే ఒక్క చిన్న బిఏ పానా కోసం పాత బండ్ల వాళ్లు నెలల తరబడి వెతుకుతారు.

'18జి' అని మొదలై తర్వాత అంకెలుంటే అది బ్రిటన్‌లోని బిఎంసి కంపెనీ, అంటే ఆస్టిన్, మోరిస్ కార్ల సంస్థ, తన వర్క్‌షాపుల కోసం ఇచ్చిన నంబరు. 2014లో తయారీ ఆగిన మన అంబాసిడర్ ఆ మోరిస్ సంతతిదే. కాబట్టి ఆ పనిముట్టు ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. 'టి 109' అని ఉంటే అమెరికా కార్టర్ కార్బొరేటర్ పనిముట్టు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులకు కార్టర్ కార్బొరేటరే ఉండేది. అమాల్ పేరు 1927లో మూడు బ్రిటిష్ కార్బొరేటర్ కంపెనీలు కలవడంతో పుట్టింది. కాబట్టి ఆ పేరున్న వస్తువు అంతకుముందుది అని ఎవరైనా చెబితే నమ్మకండి.

పేరు ఉన్నంత మాత్రాన గొప్ప అనుకోవద్దు. అక్షరాలు లోతుగా, సమానంగా, తుప్పు కింద కూడా కనబడుతుంటే పాత తయారీ కావచ్చు. పైపైన గీసినట్టు, పాత లోహం మీద కొత్తగా మెరుస్తూ ఉంటే అనుమానించాలి.

కడిగే తీరు: తోమితే పోయేది విలువే

మన ఆడవాళ్లు ఇత్తడి బిందెను చింతపండుతో తళతళలాడిస్తారు. ఈ సామానుకు ఆ పని వద్దు. గేజి అంచును ఎమరీ కాగితంతో రుద్దితే కొలత పోతుంది. పానాను సానపడితే అక్షరాలు పోతాయి. నికెల్ పూత వేయిస్తే పాతదనమూ పోతుంది, కొలతా పోతుంది.

చేయవలసింది ఇంతే. గాసునూనెలో ఒక రాత్రి నానబెట్టండి. పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్దండి. మెత్తని గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా పూయండి. ఇత్తడి మీది కిలుము గుడ్డకు వచ్చినంత వస్తుంది, మిగిలింది ఉండనివ్వండి. వాక్యూమ్ గేజి, గాజు ప్లగ్గు, ఒత్తిడి పంపులను మాత్రం నానబెట్టకూడదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పని అంతా ఆరుబయట, బీడీకి, పొయ్యికి దూరంగా చేయాలి.

వెల కట్టే తీరు

ఇక అందరూ అడిగేది: ఎంత వస్తుంది? ప్రతి వస్తువుకూ మూడు ధరలుంటాయి. మూడూ వేసి చూసుకోవాలి.

మొదటిది తూకం ధర. ఇదే అట్టడుగు. ఇక్కడ కూడా ఇత్తడిని, ఇనుమును కలిపి తూయనివ్వకండి. ఇత్తడి తుక్కు ధర ఇనుప తుక్కు ధరకు పది రెట్లకు పైనే ఉంటుంది.

రెండోది పని ధర. ఇదే పనికి కొత్త పనిముట్టు కొనాలంటే ఎంత? జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో పనిముట్ల దుకాణంలో అడిగి తెలుసుకోండి. కొత్తది 600 రూపాయలనుకుందాం. మీది కొలత తప్పకుండా, అరగకుండా ఉంటే 300 అడగడం న్యాయం. కొంచెం అరిగితే 150. కొలత తప్పితే తూకం ధరే. కొత్తది బజారులో దొరకడమే లేదంటే ఈ లెక్క మీవైపు మొగ్గుతుంది.

మూడోది సేకరించేవారి ధర. పాత బండ్లు పెంచుకునేవారు హైదరాబాద్ వంటి నగరాల్లో ఉన్నారు. వాళ్లు వెతికేది వయసు ఒక్కటే కాదు. ఏ బండిదో తెలియాలి, జత పూర్తిగా ఉండాలి, డబ్బీ లేదా గుడ్డ సంచి ఉండాలి, అక్షరాలు చదవగలగాలి. నాలుగూ ఉంటే పని ధరకంటే ఎక్కువ పలకవచ్చు. నాలుగింట్లో రెండు లేకపోతే వారికి అమ్మే ఆశ పెట్టుకోకండి, ఊరి మెకానిక్‌కే ఇవ్వండి. జతను మాత్రం విడదీసి అమ్మకండి. 20 బిట్ల డబ్బీలో నుంచి రెండు తీసి అమ్మితే మిగిలిన 18 విలువ పడిపోతుంది.

ఇటీవల "పాతకాలం వస్తువు, లక్షలు వస్తాయి" అని చెప్పి ముందుగా ఫీజు అడిగే మోసాలు పెరిగాయి. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గాని, అమ్మేవాడు ఎందుకు కట్టాలి? ఫోన్‌లో ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు, కొరియర్ ఫీజు అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. సాధారణ జెట్ కీ లక్షలు తెచ్చిపెట్టదు. పంపు ఆగిన రోజు ఒక మందు పిచికారిని కాపాడుతుంది.

అమ్మాలా, ఉంచుకోవాలా?

ఇంట్లో మందు పంపు, బ్రష్ కట్టరు, పాత బండి ఏదున్నా జెట్ కీ, నంబరు బిట్లు, డయాఫ్రమ్ గేజి ఈ మూడూ ఉంచుకోండి. అద్దెకు ఇవ్వకపోయినా, మీ పని చేసే మెకానిక్‌కు మీ పనిముట్టు చేతికివ్వవచ్చు. "తీగతో పొడవకు, దీంతో విప్పు" అని చెప్పే హక్కు మీకు వస్తుంది. విట్‌వర్త్ పానాలు, బిఏ పానాలు, 18జి, టి 109 గుర్తులున్నవి మీకు అక్కరకు రావు. అవి పాత కార్లు, బుల్లెట్లు, జీపులు ఉన్నవారికి పోతేనే మంచిది.

మెకానిక్ పని చేసిన పెద్దమనిషి కాలం చేసిన ఇంట్లో పెట్టె ఉంటే ఇంకొంచెం ఓపిక పట్టాలి. ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు ఎక్కడో ఉంటాడు. గల్ఫ్‌కు పోయి వచ్చి ఉండవచ్చు, సిరిసిల్లలో మగ్గాల ఫిట్టరు అయి ఉండవచ్చు. అతన్ని పిలిచి, ఒక్కో వస్తువు చేతిలో పెట్టి "ఇది దేనికి బాబూ?" అని అడగండి. అతను చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాసి, దారంతో ఆ వస్తువుకు కట్టండి. చీటీ ఉన్న పనిముట్టుకు, లేనిదానికి ధరలో తేడా ఉంటుంది. అంతకుమించి, ఆ శిష్యుడు కూడా లేని రోజు వస్తే ఆ తెలివి ఏ బజారులోనూ కొనడానికి దొరకదు.

గుర్తుంచుకోండి

● డీజిలు, మగ్గం, కార్బొరేటర్ సామాను వేరు వేరుగా పెట్టండి.

● అక్షరాలు, అంకెలు భూతద్దంతో చదివి కాగితం మీద రాసుకోండి.

● గాసునూనె, పళ్ల బ్రష్షు, మెత్తని గుడ్డ చాలు. ఎమరీ, సాన, పూత వద్దు.

● జెట్టులో ఇనుప తీగ, సూది, పిన్నీసు పెట్టవద్దు, పెట్టనివ్వవద్దు.

● పాదరసం ఉన్న పరికరాన్ని ముట్టుకోవద్దు.

● జతను విడదీయవద్దు. డబ్బీ, పొట్లం పారేయవద్దు.

● అమ్మేందుకు ముందుగా ఎవరికీ ఫీజు కట్టవద్దు.

● సీజను అయిపోగానే పంపు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపించి, కార్బొరేటర్ పొడిగా పెట్టండి. అసలు పానా అవసరమే రాకుండా ఇది కాపాడుతుంది.

వీధి చివర పాత సామాను బండి కేక వినబడినప్పుడు పెట్టె ఎత్తుకొని గడప దాటే ముందు ఒక్క గంట కేటాయించండి. మూత విప్పండి, గోనె పరవండి, ఒక్కొక్కటి తుడిచి చూడండి. బండివాడి తక్కెడ బరువునే చూస్తుంది. ఆ ఇత్తడి ముక్క మీద సన్నగా కొట్టిన అంకెను చూడవలసింది మీరే.